గల్లాపెట్టె నిద్రపోదు

రుమోయ్ రేవులో మా సెలూను గోడకి ఆనుకుని
ఓ డబ్బాల మిషను నిలబడి ఉంది.
నాకంటే జానెడు పొడుగు.
నాలాగే రోజంతా నిలబడే ఉంటుంది,
కాకపోతే దానికి మోకాళ్ళు లేవు.

"నిద్రలో కూడా డబ్బులొస్తాయి, ఇగరాషి గారూ"
అన్నాడు కంపెనీ కుర్రాడు కాగితాలు పరుస్తూ.
డబ్బాకి ఇరవై యెన్లు మీకు.
కరెంటు బిల్లు మాత్రం మీదే.
ఆ రెండో మాట తల వంచుకుని చెప్పాడు.

రెక్కాడితేగాని డొక్కాడదు.
మా ఇంట్లో రెక్క అంటే కత్తెర.
కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు,
నేనెప్పుడు కూర్చున్నాను?
నలభై ఒక్క ఏళ్ళుగా
షాపులో ఉన్న ఒక్క కుర్చీ
ఎప్పుడూ ఇంకొకరిదే.

రైలు ఆగిపోయాక తలలు తగ్గాయి.
మిగిలిన తలల మీద జుట్టు తగ్గింది.
పడవల వాళ్ళలో ఎవరైనా పోతే
ఆ గడ్డానికి అలవాటైన నా చెయ్యి
కొన్నాళ్ళు గాలిలోనే ఆ దవడ వంపు తిరిగేది.

పోయిన జనవరిలో గుమ్మం ముందు జారి
కుడి మణికట్టు విరిగింది.
ఏడు వారాలు పిండికట్టు.
కత్తెర అద్దం ముందు నోరు మూసుకుని పడుకుంది.
ఫుమియె పద్దు పుస్తకంలో రెండు గడులు.
"షాపు" గడిలో సున్నా.
"మిషను" గడిలో, కరెంటు పోను,
నాలుగు వేల ఆరు వందలు.
ఐదు కిలోల బియ్యం సంచి.
పైన కాస్త మిసో.
ఆ రోజు బయటికి వెళ్ళి
ఎవరూ చూడకుండా
మిషను భుజం తట్టాను, ఎడమచేత్తో.

నిద్రలో వచ్చే డబ్బు అన్నాడు గానీ
నిద్ర ఏదీ?
పైగదిలో పడుకుని వింటాను.
ముందు నాణెం గొంతు దిగే చప్పుడు.
ఒక్క క్షణం ఆలోచన.
దభీమని డబ్బా.
"లెక్కపెట్టకు" అంటుంది ఫుమియె గోడవైపు తిరిగి.
కాసేపాగి,
"ఇప్పుడు పడింది మొక్కజొన్న సూపు. కాఫీ అయితే అంత బరువుగా పడదు."

తెల్లవారుజామున నాలుగింటికి పార పట్టుకుని దిగుతాను.
నాణెం వేసే చీలికలో మంచు పేరుకుందంటే
ఇరవై యెన్లు వచ్చిన దారినే వెళ్ళిపోతాయి.
కాళ్ళు చాపుకుని తినే సంపాదనకి
ఇంత ఊడిగమా అని నవ్వొస్తుంది.

మొన్న ఒక రాత్రి
మంచు తోసే బండి వచ్చి ఆగింది.
డ్రైవరు ఆడపిల్ల, పాతికేళ్ళుంటాయి.
డబ్బా తీసి చెంపకి ఆనించుకుని,
నన్నూ నా పారనీ చూసి,
"తాతగారూ, ఎర్ర చీటీ ఉంది గానీ సూపు చల్లగా ఉంది" అంది.
నేనే వండినట్టు
నడుం వంచి క్షమాపణ చెప్పాను.

షాపు తెరిచాను.
తువ్వాళ్ళ ఆవిరిపెట్టె వేసి
వేడెక్కాక డబ్బా అందులో పెట్టాను.
అంతసేపూ ఆమె కుర్చీలో కూర్చుంది.
హెల్మెట్ తీస్తే నుదుటి మీద
తడిసి అతుక్కున్న జుట్టు.
అమ్మది మషికే ఊరట,
రాత్రి డ్యూటీకి ఆరు వందలు ఎక్కువట,
మంచు లేని నెలల్లో ఏం చెయ్యాలో తెలీదట.
నేను మాట్లాడుతూనే ఉన్నాను,
కత్తెర లేకుండా,
విరిగి అతికిన చేత్తో ఖాళీగా.

సూపు తాగి, డబ్బా అడుగున
అంటుకున్న గింజల కోసం తట్టి తట్టి చూసి
వెళ్ళిపోయింది.

నాకు వచ్చింది ఇరవై.
ఆవిరిపెట్టె తాగిన కరెంటు అంతకన్నా ఎక్కువ.
పొద్దున్న ఫుమియె పెన్ను పట్టుకుని అడిగింది,
"ఇది ఏ గడిలో రాయను?"
నేను ఫోనులో ఉన్నాను,
కంపెనీ కుర్రాడితో,
కింది వరసలో వేడి పోయిందని.